పది జిల్లాల్లో నిలబడే వరి వంగడం: సంకరణ నుంచి చిరుసంచి దాకా

1982లో మార్టేరు నుంచి విడుదలైన స్వర్ణ (ఎంటీయూ 7029) గోదావరి జిల్లాల్లోనే ఆగిపోలేదు. ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ రైతులు దాన్ని తమ రకంగా చేసుకున్నారు. సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోనూ పండింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) కృష్ణా డెల్టాలో ఎంత పండిందో, కేసీ కాలువ కింద కర్నూలు సోనాగా అంత పేరూ తెచ్చుకుంది. కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) సార్వాకూ దాళ్వాకూ, డెల్టా మడికీ బోరు కింద మడికీ సరిపోయి ఏళ్ల తరబడి నిలబడింది. మంచి దిగుబడి అంకెలతో బయటికొచ్చి నాలుగైదేళ్లకే రైతులు మరిచిపోయిన రకాలూ లేకపోలేదు.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. చాలామంది కొత్త బ్రీడర్లు (కొత్త వంగడాలు తయారుచేసేవాళ్లు) ఒకే కేంద్రంలో, ఒండ్రు నేలలో, నిండా నీళ్లు, నిండా ఎరువు పెట్టి ఎనిమిది తరాలు ఏరుతారు. ఆ తర్వాత పది చోట్ల పరీక్షకు పంపి, ఎక్కడైనా నిలబడుతుందేమోనని చూస్తారు. అప్పటికి చేతిలో మిగిలినవన్నీ ఆ ఒక్క నేలకు అలవాటు పడ్డ సంతతులే. చౌడుకు తట్టుకునేవి, ముదురు నారు వేసినా పిలకలు పెట్టేవి, రెండు రకాలను కలిపాక వచ్చే రెండో, మూడో తరాలైన ఎఫ్2లోనో ఎఫ్3లోనో, ఎవరి కంటా పడకుండానే పోయాయి. నిలకడ కావాలంటే ఏరివేత మొదలైన రోజు నుంచే రకరకాల మళ్లలో ఏరాలి. వ్యవసాయ విద్యార్థులకూ, సొంతంగా వంగడాలు తయారుచేయాలనుకునే రైతులకూ పనికొచ్చేలా ఆ క్రమాన్ని కింద రాస్తున్నాను.

1. ఎవరి పొలం కోసమో ముందు రాసుకోండి

సంకరణ (రెండు రకాలను కలపడం) మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మీ రకం ఏయే పరిస్థితుల్లో పండాలో రాయండి. జిల్లాల పేర్లు రాస్తే చాలదు. ఒకే జిల్లాలో కాలువ మొదట్లో ఉన్న రైతుకూ చివరి భూముల రైతుకూ పొలం వేరే లోకం. మన రెండు రాష్ట్రాల్లో వరి పండే పరిస్థితులు సుమారుగా ఇలా ఉంటాయి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో బరువైన నల్లరేగడి నేలలు. జులై, ఆగస్టులో నాటిన వెంటనే ముంపు, అక్టోబరు, నవంబరులో తుపాను గాలికి చేను పడిపోవడం, పడిన చేనులో గింజ మొలకెత్తడం. సముద్రం దగ్గరికి వెళ్లేకొద్దీ చౌడు, ఉప్పునీరు. కాలువ చివర నీళ్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి అక్కడ నారు నారుమడిలోనే ముదిరిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు వానాధారం, చెరువుల కింద సాగు, ఉల్లికోడు పురుగు. నెల్లూరులో సాగు కాలమే వేరు. అక్కడ అగ్గి తెగులును తట్టుకోని రకానికి చోటు లేదు. తెలంగాణలో వానాకాలం ఒక పంట, యాసంగి పూర్తిగా మరో పంట. డిసెంబరు, జనవరి చలికి నారు ఎర్రబడి ఎదగదు. అదే పంట మార్చి, ఏప్రిల్ ఎండల్లో గింజ గట్టిపడుతుంది. జగిత్యాల, వరంగల్ ప్రాంతాల్లో ఉల్లికోడు, బోర్ల కింద నీటి ఎద్దడి. వీటన్నిటి మీదా ఇప్పుడు కొత్తగా వెదజల్లే సాగు వచ్చి చేరింది. దమ్ములో చల్లినా పొడి దుక్కిలో విత్తినా, మొలక బలంగా లేని రకం కలుపు కింద పడి నలిగిపోతుంది.

వీటన్నిటికీ ఒకే రకం సరిపోదు. ఈ మాట మొదటే ఒప్పుకోవాలి. లోతట్టు ముంపు భూమికీ మెట్ట వెదకూ ఒకే విత్తనం ఇస్తానంటే రెండు చోట్లా రైతు నష్టపోతాడు. పరిస్థితులను మూడు నాలుగు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపులో ఉన్న అన్ని పొలాల్లో నిలబడేదాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. ఉదాహరణకు "120 నుంచి 125 రోజుల్లో కోతకొచ్చి, రెండు కాలాలకూ సరిపోయి, బోరు, చెరువు, కాలువ చివర మడి మూడింటిలోనూ పండే సన్న రకం" అని రాసుకుంటే తర్వాత వేసే ప్రతి అడుగుకూ ఆ ఒక్క వాక్యమే కొలబద్ద.

2. పంటకాలం: అన్నిటికంటే పెద్ద నిర్ణయం

ఒక రకం ఎన్ని చోట్లకు వెళ్తుందో తేల్చడంలో దాని పంటకాలానికి ఉన్నంత బలం మరే గుణానికీ లేదని నా నమ్మకం. వరి స్వభావరీత్యా పగలు తగ్గితే పూతకొచ్చే మొక్క. పాత నాటు రకాలు చాలావరకు ఎప్పుడు నాటినా పగటి వేళ తగ్గే అక్టోబరు, నవంబరులోనే ఈనేవి. ముంపు భూముల్లో అది వరమే, వరద తీశాక గాని పూత రాదు కాబట్టి. కానీ అలాంటి రకాన్ని దాళ్వాలో వేయలేం, వేరే అక్షాంశానికీ తీసుకెళ్లలేం. 1966లో వచ్చిన ఐఆర్8, ఆ తర్వాత వచ్చిన ఐఆర్64 దేశదేశాలకు పాకడానికి పొట్టితనంతో పాటు పగటి నిడివిని పెద్దగా పట్టించుకోని గుణం కూడా కారణం. ఎంటీయూ 1010కి తండ్రి ఐఆర్64. రెండు కాలాల్లోనూ పండే గుణం అటునుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక తూకం ఉంది. 145, 150 రోజుల రకం మంచి మడిలో పొట్టి కాలపు రకం కంటే ఎక్కువే ఇస్తుంది. కానీ నీళ్లు ఆలస్యమైనా, చివర్లో ఎద్దడి వచ్చినా, తుపాను ముందే దాడి చేసినా దానికి తప్పించుకునే దారి లేదు. ఎక్కువ చోట్లకు పోవాలంటే 115 నుంచి 130 రోజుల మధ్య ఉండటం మేలు.

3. తల్లిదండ్రుల ఎంపిక

జతలో కనీసం ఒక్కటైనా ఇప్పటికే చాలా చోట్ల నిలిచి చూపించిన రకం కావాలి. మన పేరున్న రకాల వంశవృక్షం చూస్తే ఇది తేటతెల్లంగా కనిపిస్తుంది. ఇండికా, జపానికా రకాల కలయికతో మలేషియాలో రూపుదిద్దుకున్న మసూరి మన దేశానికి వచ్చింది. వశిష్టను మసూరితో కలిపితే స్వర్ణ పుట్టింది. జీఈబీ 24, టీఎన్1 కలయికను మసూరితో కలిపితే సాంబ మసూరి పుట్టింది. కృష్ణవేణిని ఐఆర్64తో కలిపితే ఎంటీయూ 1010. దాన్ని జేజీఎల్ 3855తో కలిపితే 2015లో రాజేంద్రనగర్ నుంచి విడుదలైన తెలంగాణ సోనా (ఆర్ఎన్ఆర్ 15048). నిలకడ ఒక తరం నుంచి మరో తరానికి దిగుతూనే ఉంది.

రెండో భాగస్వామి, మొదటిదానికి లేనిది తేవాలి. సాంబ మసూరికి ఎండాకు తెగులు, అగ్గి తెగులు రెండింటి బెడదా ఉంది. స్వర్ణకు అగ్గి తెగులు గండం. ఇలా ప్రతి రకానికీ ఎక్కడ దెబ్బ తగులుతుందో రాసుకుని, ఆ చోట బలం ఉన్నదాన్ని జత చేయండి. ముంపుకు ఒడిశా నాటు రకం నుంచి తీసిన ఎఫ్ఆర్13ఏ, ఉప్పుకు కేరళ పొక్కాలి, ఉల్లికోడుకు జగిత్యాల, వరంగల్, రాగోలు కేంద్రాల సంతతులు పేరున్న మూలాలు. కానీ పొక్కాలి లాంటి పొడుగాటి నాటు రకాన్ని నేరుగా మేలు రకంతో కలిపితే, కావలసిన గుణంతో పాటు పడిపోయే గుణం, ముతక గింజ కూడా కట్టకట్టుకుని వస్తాయి. ఎవరైనా ఇప్పటికే శుద్ధి చేసి మేలు రకంలోకి ఎక్కించిన సంతతి దొరికితే దాన్నే తీసుకోండి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దేశదేశాలకు పంపే పరీక్షా నర్సరీలు, మన జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల కేంద్రాలు ఇందుకు దారులు. ఏ విత్తనం తీసుకున్నా ఒప్పంద పత్రం మీద సంతకం చేసి, నకలు దగ్గర పెట్టుకోండి. విడుదల దశలో అది అడుగుతారు.

4. సంకరణ: చేతిపని

ముందుగా రెండు రకాలూ ఒకేసారి పూతకు రావాలి. తల్లి 145 రోజులది, తండ్రి 120 రోజులది అయితే తల్లిని ముందు విత్తి, తండ్రిని వారం తేడాతో మూడు నాలుగు దఫాలు విత్తండి. ఏదో ఒక దఫా కలుస్తుంది.

తల్లి మొక్కలో సగానికి కాస్త పైగా పొట్టలోంచి బయటికొచ్చిన వెన్నును ఎంచుకోండి. పైకొనలో అప్పటికే విచ్చుకున్న పువ్వులను, అడుగున ఇంకా లేతగా పచ్చగా ఉన్నవాటిని కత్తిరించేయండి. మధ్యలో ముప్ఫై, నలభై పువ్వులు మిగిలితే చాలు. సాయంత్రం వేళ, ఆ రోజు పూత ముగిశాక, ఒక్కో పువ్వు పైపొట్టును చిన్న కత్తెరతో ఏటవాలుగా మూడో వంతు కోయండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల లేత పసుపు కేసరాలు కనిపిస్తాయి. ఆరు ఉంటాయి. సన్నమూతి చిమటాతో ఆరింటినీ బయటికి తీయాలి. అయిదు తీసి ఒకటి వదిలేస్తే ఆ గింజ సంకరం కాదు, సొంత పరాగంతో పట్టిన గింజ. కేసరం చిట్లి పుప్పొడి రాలితే ఆ పువ్వునే తీసేయండి. పుప్పొడిని అందుకునే కీలాగ్రం రెండు ఈకల్లా తెల్లగా ఉంటుంది, చిమటా దానికి తగలకూడదు. పని అయ్యాక బటర్ పేపర్ సంచి తొడిగి, తల్లి పేరు, తేదీ రాసిన చీటీ కట్టండి. వ్యాక్యూమ్ పంపు ఉన్న కేంద్రాల్లో కేసరాలను గొట్టంతో లాగేస్తారు, పని వేగంగా సాగుతుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, పదకొండు మధ్య తండ్రి వెన్నులు విచ్చుకునే వేళకు సిద్ధంగా ఉండండి. వరి పుప్పొడి ప్రాణం మహా అయితే అయిదు నిమిషాలు. తండ్రి వెన్నును కోసి తెచ్చి, తల్లి సంచి పైమూత విప్పి, లోపలికి వంచి మెల్లగా తట్టండి. పసుపు ధూళి రాలడం కంటికి కనిపిస్తుంది. మళ్లీ మూసేయండి. వీలైతే మర్నాడు ఇంకోసారి. అయిదారు రోజులకు పట్టిన గింజ ఉబ్బుతుంది, నాలుగు వారాలకు కోయొచ్చు. పొట్టు కోసినందువల్ల గింజ సగం నగ్నంగా, చిన్నగా ఉంటుంది. నారుమడిలో చల్లకుండా తడి బ్లాటింగ్ కాగితం మీద మొలకెత్తించి, తర్వాత కుండీకి మార్చండి. ఒక జతకు ఇరవై, ముప్ఫై గింజలు దొరికితే బోలెడు, ఎందుకంటే ఆ గింజ నుంచి వచ్చే ఒక్క ఎఫ్1 (మొదటి తరం) మొక్కే వెయ్యికి పైగా గింజలిస్తుంది. ఎఫ్1 మొక్క నిజంగా సంకరమో కాదో జన్యు గుర్తులతో (డీఎన్ఏ పరీక్షతో) గాని, తండ్రి నుంచి మాత్రమే రాగల ఆకు రంగు, గింజ మూతి రంగు వంటి గుణంతో గాని సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

5. ఎఫ్2 నుంచి: ఎక్కడ ఏరుతున్నామన్నదే అసలు సంగతి

ఎఫ్2లో మూడు వేల మొక్కలైనా వేయండి. 20 సెంటీమీటర్ల వరుసల్లో 15 సెంటీమీటర్ల ఎడంతో ఒక్కో నారుమొక్కే నాటితే చదరపు మీటరుకు 33 మొక్కలు. అంటే మూడు వేలకు రెండున్నర సెంట్ల లోపు నేల సరిపోతుంది. ఈ దశలో ఎత్తు, పంటకాలం, దుబ్బు రూపం, గింజ సన్నదనం చూసి ఏరండి. ఒంటి మొక్క దిగుబడిని చూసి ఏరకండి. గట్టు పక్క మొక్క, కలుపు లేని చోట మొక్క బాగా పండినట్టు కనిపిస్తాయి, అది వాటి గుణం కాదు.

ఎఫ్3 దగ్గర దారి మారాలి. ఏరిన ప్రతి మొక్క విత్తనాన్ని మూడు వాటాలు చేయండి. ఒక వాటా మంచి నీటి వసతి ఉన్న మడికి, ఒక వాటా చౌడో ఎద్దడో ఉన్న మడికి, మూడోది తెగులు లేదా పురుగు తప్పకుండా వచ్చే చోటికి. ప్రతి వరుస నుంచి కొంత విత్తనం గాదెలో దాచి ఉంచండి. మూడు చోట్లా ఫరవాలేదనిపించిన కుటుంబాలను ముందుకు తీసుకెళ్లండి. ఒక చోట అదరగొట్టి మరో చోట ఎండిపోయినదాన్ని వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. బ్రీడరుకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. బంగారంలాంటి వెన్ను వేసుకుని కళ్లెదుట నిలబడ్డ వరుసను తీసేయడానికి మనసొప్పదు.

మూడు చోట్ల భూమి దొరకనివాళ్లకు ఒక ఉపాయం ఉంది. ఒకే కేంద్రంలో పరిస్థితులను సృష్టించండి. 15, 20 రోజుల తేడాతో మూడు తేదీల్లో విత్తండి, పూత మూడు రకాల ఎండల్లో పడుతుంది. సగం మళ్లకు సిఫారసు నత్రజనిలో సగమే వేయండి. ఒక మడికి 25 రోజుల నారు, ఇంకో మడికి 45 రోజుల ముదురు నారు నాటండి. స్వర్ణ తక్కువ ఎరువుతోనూ పండుతుందని రైతులు చెప్పుకునే మాట ఇలాంటి మళ్లలోనే బయటపడుతుంది. నిండా యూరియా వేసిన మడిలో ఆ గుణం ఎప్పటికీ కనబడదు.

తెలంగాణకైతే ఒక తరం వానాకాలంలో, మరో తరం యాసంగిలో ఏరండి. నారులో చలి, పూతలో వేడి రెండూ ఒకే ఏడాదిలో పరీక్షిస్తాయి. పూత విచ్చే వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి తాలు పెరుగుతుంది. పొద్దున త్వరగా పూత విప్పే సంతతులు ఆ వేడిని కొంత తప్పించుకుంటాయి. ఎఫ్4లో తొమ్మిదింటికే మడిలోకి దిగి ఏ వరుస ముందు విచ్చుకుందో రాసుకోవడం దీనికి మార్గం.

త్వరగా తరాలు దాటించాలనుకుంటే, చిన్న ట్రేలలో దగ్గరగా నాటి, మొక్కకు ఒక్కో గింజ తీసుకుంటూ ముందుకెళ్లే పద్ధతి ఉంది. వారణాసిలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దక్షిణాసియా కేంద్రం వెలుతురు, వేడి అదుపులో పెట్టి ఏడాదికి నాలుగైదు తరాలు దాటించే విధానాన్ని తయారుచేసింది. కాలం బాగా కలిసొస్తుంది. కానీ ట్రేలో ఏరివేత జరగదు కాబట్టి, బయటికి వచ్చిన స్థిర సంతతులను (తరం మారినా గుణాలు మారనివాటిని) మొదటి ఏడే కష్టమైన మళ్లలో పెట్టాలి.

6. పెద్ద రకం లోపం సరిదిద్దే దారి

ఎప్పుడూ కొత్త రకమే కానక్కర్లేదు. ఇప్పటికే విస్తరించిన రకంలో ఉన్న ఒక్క లోపాన్ని తీసేస్తే దాని పరిధి ఇంకా పెరుగుతుంది. స్వర్ణలోకి ఎఫ్ఆర్13ఏ నుంచి వచ్చిన సబ్1 జన్యువును జన్యు గుర్తుల సాయంతో, పదే పదే స్వర్ణతోనే వెనక్కి సంకరించి ఎక్కించారు. 2009లో మన దేశంలో విడుదలైన ఆ స్వర్ణ-సబ్1 దాదాపు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి ఎక్కించాయి. అది 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా వచ్చింది. 2025 మేలో ప్రకటించిన తొలి రెండు జన్యు సవరణ వరి రకాలకూ మూలాలుగా తీసుకున్నవి సాంబ మసూరి, ఎంటీయూ 1010లే. మన రెండు కేంద్రాల రకాలు దేశానికి పునాదిగా నిలవడం గర్వపడాల్సిన సంగతి.

ఈ దారిలో ఒక జాగ్రత్త. వెనక్కి సంకరణ ప్రతి తరంలోనూ మూల రకం పోలికలు ఎంత వచ్చాయో గుర్తులతో చూడండి. గింజ ఆకారం, వంట గుణం కొంచెం తేడా వచ్చినా రైతు "ఇది మా సోనా కాదు" అంటాడు, అది న్యాయమే.

7. చాలా చోట్ల పరీక్ష

ఎఫ్6, ఎఫ్7 నాటికి ఇరవై, ముప్ఫై స్థిర సంతతులు చేతికొస్తాయి. డబ్బు తక్కువగా ఉంటే ఒక్కో చోట పునరావృతాలు (అదే సంతతిని వేసే మళ్ల సంఖ్య) పెంచడం కన్నా చోట్లు పెంచడమే మేలు. రెండే పునరావృతాలతో ఎనిమిది చోట్ల వేసిన పరీక్ష, నాలుగు పునరావృతాలతో నాలుగు చోట్ల వేసినదానికంటే నిలకడ గురించి ఎక్కువ చెబుతుంది. ఏడాది మారితే వాన మారుతుంది కాబట్టి కనీసం రెండు, వీలైతే మూడేళ్లు.

ప్రతి పరీక్షలోనూ పోల్చి చూసేందుకు చెక్ రకాలు ఉండి తీరాలి: ఆ ప్రాంతంలో రైతు ఇప్పుడు వేస్తున్నది ఒకటి, అన్ని చోట్లా ఉమ్మడిగా ఉండేది ఒకటి. మీ పంటకాలానికి సరిపోయే చెక్‌తోనే పోల్చండి. 125 రోజుల సంతతిని 150 రోజుల సాంబ మసూరి పక్కన పెట్టి కొలిస్తే ఏ నిజమూ తేలదు.

మడి 10 చదరపు మీటర్లనుకోండి. అంచు వరుసలు వదిలేసి, లోపలి నికర విస్తీర్ణాన్నే కొలిచి కోయండి. ధాన్యం తూచిన వెంటనే తేమ కొలిచి, 14 శాతం తేమకు మార్చండి. తూకాన్ని (100 − కొలిచిన తేమ)తో గుణించి 86తో భాగించాలి. నికరంగా 10 చదరపు మీటర్లలో 6.5 కిలోలు వచ్చి తేమ 20 శాతం ఉంటే, 6.5 × 80 ÷ 86 = 6.05 కిలోలు, అంటే హెక్టారుకు 6.05 టన్నులు. ఇది చేయకపోతే పచ్చిగా కోసిన ఆలస్యపు రకాలు ఎక్కువ పండినట్టు కనిపిస్తాయి.

దిగుబడితో పాటు పూత రోజులు, పడిపోయిన శాతం, తాలు శాతం, తెగులు తీవ్రత రాయండి. ఒక చోట దిగుబడి ఎందుకు పడిందో చెప్పేవి ఇవే. కారణం తెలియని అంకెతో తర్వాతి సంకరణకు దారి దొరకదు.

8. అంకెలను చదవడం

ఊహించిన అంకెలతో చూద్దాం. క, ఖ, గ అనే మూడు సంతతులను నాలుగు చోట్ల వేశాం: డెల్టా మడి, బోరు కింద మడి, చౌడు మడి, ఆలస్యంగా నాటిన మడి. హెక్టారుకు టన్నుల్లో దిగుబడి ఇలా వచ్చిందనుకోండి.

క: 7.6, 6.4, 3.6, 4.4. సగటు 5.5.
ఖ: 6.2, 5.8, 4.6, 5.0. సగటు 5.4.
గ: 6.6, 5.8, 4.1, 4.7. సగటు 5.3.

సగటు చూసి విడుదల చేస్తే క గెలుస్తుంది. ఇప్పుడు ఒక్కో చోటి సగటు తీయండి: 6.8, 6.0, 4.1, 4.7. మొత్తం సగటు 5.4. ప్రతి చోటి సగటులోంచి 5.4 తీసేస్తే ఆ చోటు ఎంత మంచిదో చెప్పే సూచిక వస్తుంది: +1.4, +0.6, −1.3, −0.7. ఒక్కో సంతతి దిగుబడిని ఈ సూచికతో గుణించి కూడి, సూచికల వర్గాల మొత్తమైన 4.5తో భాగిస్తే ఆ సంతతి వాలు తెలుస్తుంది. కకు 1.49, గకు 0.91, ఖకు 0.60. ఫిన్లే, విల్కిన్సన్ 1963లో, ఎబర్‌హార్ట్, రసెల్ 1966లో చూపించిన పద్ధతి ఇదే. నోటు పుస్తకంలోనే చేసుకోవచ్చు.

వాలు ఒకటికి దగ్గరగా ఉంటే పొలంతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. ఒకటి దాటితే మంచి పొలంలో రెచ్చిపోయి చెడ్డ పొలంలో కుంగిపోతుంది. క అలాంటిది. చౌడు మడిలో ఖతో పోలిస్తే హెక్టారుకు ఒక టన్ను తక్కువ, అంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు అయిదుకు పైగా. సగటులో 0.1 టన్ను లాభం చూసి కను ఎంచుకుంటే, ఆ నష్టం మోయాల్సింది కాలువ చివరి రైతు. డెల్టా నడిబొడ్డుకే రకం కావాలంటే క మంచిదే. నాలుగు చోట్లకూ కావాలంటే నేను ఖను తీసుకుంటాను.

రెండు జాగ్రత్తలు. వాలు తక్కువ ఉన్నంత మాత్రాన మంచిది కాదు. అన్ని చోట్లా మూడు టన్నులే ఇచ్చేదానికి గొప్ప నిలకడ ఉంటుంది, దాన్ని ఎవరూ వేయరు. కాబట్టి ముందు సగటు, తర్వాత వాలు, ఆ తర్వాత గీత నుంచి ఎంత అటూ ఇటూ పోతుందో చూడాలి. రెండోది, నాలుగు చోట్లతో తేల్చకండి. ఈ లెక్కకు కనీసం ఎనిమిది, పది పరిస్థితులు కావాలి. అంకెలు పెద్దవైతే ఏఎంఎంఐ, జీజీఈ బైప్లాట్ అనే గణాంక పద్ధతులు ఏ గుంపు పొలాల్లో ఏ సంతతి గెలుస్తుందో బొమ్మ గీసి చూపిస్తాయి. ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో మెటాన్ ప్యాకేజీతో ఇవన్నీ చేయొచ్చు. ఆ బొమ్మలో రెండు గుంపుల పొలాలు పూర్తిగా వేరే దిక్కులు చూపిస్తే, మొదటి మెట్టులో వేసిన గుంపుల విభజన తప్పిందని అర్థం. అప్పుడు రెండు రకాలు విడుదల చేయడమే నిజాయితీ.

9. గింజ, మర, పళ్లెం

పొలంలో గెలిచి మరలో ఓడిన రకాలు చాలా ఉన్నాయి. ముఖ్యంగా యాసంగి ధాన్యాన్ని పచ్చి బియ్యంగా పట్టిస్తే నూక ఎక్కువ వస్తుంది, ఎండలో గింజ పగుళ్లిస్తుంది కనుక. అందుకే మర పరీక్షకు వానాకాలం ధాన్యం ఒక్కటే పంపకండి. రెండు కాలాల నుంచీ, రెండు మూడు చోట్ల నుంచీ నమూనాలు తీసి, నిండు గింజ బియ్యం శాతం విడివిడిగా చూడండి. కాలం మారినా ఆ శాతం పెద్దగా పడని సంతతి మిల్లరు దగ్గర నిలుస్తుంది. వండి, పూట దాటాక అన్నం గట్టిపడుతుందా లేదా అన్నది కూడా చూడండి. మన ఇళ్లలో రాత్రికి మిగిలిన అన్నమే రకానికి పరీక్ష పెడుతుంది. తుపాను ప్రాంతాలకైతే కోసిన తర్వాత రెండు మూడు వారాల నిద్రావస్థ (తడిసినా గింజ మొలకెత్తని గుణం) ఉందో లేదో మొలక పరీక్షతో తేల్చుకోండి.

10. చిరుసంచులు, విడుదల, విత్తనం

జాతీయ స్థాయిలో వెళ్లాలంటే, 1965లో రాజేంద్రనగర్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకంలో సంతతిని చేర్చాలి. అక్కడ పేరు దాచి, సంకేత సంఖ్యతో, తొలి పరీక్ష ఒక ఏడు, ఆ తర్వాత ముందడుగు పరీక్షలు రెండేళ్లు అనేక రాష్ట్రాల్లో జరుగుతాయి. రాష్ట్రానికైతే విశ్వవిద్యాలయ కేంద్రాల పరీక్షల తర్వాత చిరుసంచుల దశ. రైతులకు తలా కొంత విత్తనం ఇచ్చి, వాళ్ల రకం పక్కనే వేయించి చూస్తారు.

చిరుసంచి ఇచ్చేటప్పుడు ఆదర్శ రైతుల్నే ఎంచుకోవడం జరుగుతూ ఉంటుంది. అది మానాలి. కాలువ మొదట ఒకరు, చివర ఒకరు, బోరు మీద ఒకరు, కౌలు రైతు ఒకరు ఉండాలి. కోతప్పుడు ఇంటి ఆడవాళ్లనూ పిలవండి. నూర్పిడి, వంట, గడ్డి పశువులు తింటున్నాయా లేదా అన్న సంగతులు వాళ్లే చెబుతారు. "మళ్లీ ఏడు వేస్తారా?" అని అడగండి, ఎందుకో రాసుకోండి. విత్తనం దాచుకున్నారా అని చూడండి. నోటితో బాగుందని చెప్పి, విత్తనం దాచుకోని రైతు అసలు జవాబు చెప్పేశాడు.

విడుదల, నోటిఫికేషన్ విత్తన చట్టం (1966) కింద జరుగుతాయి. మొక్క రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం (2001) కింద బ్రీడరే కాదు, రైతు కూడా తన రకాన్ని నమోదు చేసుకోవచ్చు. ఇతర రకాల నుంచి స్పష్టంగా వేరుగా ఉండటం, ఒకే తీరుగా ఉండటం, తరాలు మారినా మారకపోవడం చూస్తారు.

మూల విత్తనం కాపాడటం ఎప్పటికీ ఆగని పని. ఏటా కొన్ని వందల వెన్నులు ఏరి, వెన్నుకు ఒక వరుస చొప్పున నాటండి. ఒక వరుసలో ఒక్క తేడా మొక్క కనిపించినా ఆ వరుస మొత్తాన్నీ తీసేయండి. ఇతర వరి మళ్ల నుంచి కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలి. మిగిలిన వరుసలు కలిపితే బ్రీడరు విత్తనానికి మూలం. విడుదలైన మొదటి మూడేళ్లు ప్రతి జిల్లా నుంచి ఆ రకం ఎక్కడ దెబ్బ తిన్నదో, ఏ తెగులు కొత్తగా పట్టిందో తెప్పించుకుని, ఆ పట్టికతో మళ్లీ మూడో మెట్టుకు, తల్లిదండ్రుల ఎంపికకు వెళ్లండి.